పళ్ళ డాక్టరమ్మకి సైకిలు నేర్పిన పిల్ల

ఆ పిల్లకి గొంతు లేక కాదు, వాడటం మానేసింది, అంతే. బళ్ళో హాజరు పలికినా టీచరుకి వినపడక ఆబ్సెంటు పడేది. ఇంట్లో కూర కావాలంటే గిన్నె వైపు చూసేదే తప్ప నోరు తెరిచి అడిగేది కాదు. తమ్ముడు సరదాగా 'గుసగుస' అని పిలిస్తే అదే ఖాయమైపోయింది.

వాళ్ళ పిన్ని ఊరుకునే రకం కాదు. "రేపు ఇంటికి నిప్పంటుకున్నా ఇది మనకి సైగ చేసి చెబుతుందే అక్కా!" అని, సెలవులివ్వగానే పదిహేనేళ్ళ పిల్లని రెక్క పట్టుకుని వీధి చివరి యువజన కేంద్రానికి లాక్కెళ్ళింది.

అక్కడ పిల్లల్ని చూసుకునే ఆవిడ ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడేది. మోకాలు పోయినా మెడలో ఈల మాత్రం పోలేదు, అందుకని అందరికీ ఈలక్క. ఈవిడ ధైర్యం గురించి ఉపన్యాసం దంచుతుందేమోనని గుసగుస బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఈలక్క ఆ ఊసే ఎత్తలేదు. చేతిలో పానా పెట్టి, మూలన పడున్న సైకిలు చూపించింది.

"చైను ఊడింది. ఎక్కించు."

"నాకు రాదక్కా."

"తెలుసు. వచ్చినవాళ్ళకిచ్చి ఏం లాభం?"

సాయంత్రానికి చైను ఎక్కింది. మోచేతుల దాకా నల్లటి గ్రీజు, ముక్కు మీద కూడా. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని తనే నవ్వుకుంది. కొన్నాళ్ళకి పంక్చర్లు, బ్రేకులు అన్నీ పట్టుబడ్డాయి. సైకిళ్ళతో మాట్లాడక్కర్లేదు కాబట్టి హాయిగా ఉంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. బాగుచేసిన సైకిళ్ళ మీద, తొక్కడం రాని పెద్దవాళ్ళకి ఈ పిల్లలే నేర్పాలి. గుసగుస వంతుకి ఎవరొచ్చారంటే పళ్ళ డాక్టరమ్మ! ఆ పేటలో ఆవిడ పేరు వింటేనే పిల్లలు నోరు మూసుకుంటారు. గుసగుస దవడపన్ను పీకింది కూడా ఆవిడే.

తలకి హెల్మెట్టు, మోకాళ్ళకీ మోచేతులకీ దిండ్లు కట్టుకుని యుద్ధానికి వచ్చినట్టు వచ్చిందావిడ. "చెప్పండి టీచరుగారూ!" అంది. ఎవరినా అని గుసగుస వెనక్కి తిరిగి చూసింది. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు.

గుసగుస వెనక సీటు పట్టుకుంటే, డాక్టరమ్మ సైకిలెక్కి కేకలు మొదలుపెట్టింది. "వదలకు! వదిలావో, ఉన్న పళ్ళన్నీ పీకేస్తా!"

"కుడివైపు తిప్పండి..."

"ఏంటీ?"

"కుడి..."

"ఏంటమ్మా?"

దభేల్మని పొదలో పడింది. జుట్టులో ఆకులతో లేచి, "చూడమ్మాయ్, నీ సిగ్గు నీ ఇష్టం. కానీ మోకాళ్ళు నావి!" అంది.

గుసగుస ఈలక్క దగ్గరికి పరిగెత్తింది. "నా వల్ల కాదు, నువ్వే చెప్పక్కా."

"ఆవిడ నీ శిష్యురాలు. మధ్యలో నేనెందుకు?" అని ఈలక్క టీ ఊదుకుంటూ కూర్చుంది.

ఇంక దిక్కు లేదు. మళ్ళీ సీటు పట్టుకుంది. మళ్ళీ పొద వస్తోంది. "కుడికీ!" అని ఒక్క అరుపు అరిచింది. రేకుల మీది పావురాలు బుర్రున లేచాయి. డాక్టరమ్మ కుడికి తిరిగింది! తిరిగినందుకు ఆవిడా, అరిచినందుకు ఈ పిల్లా, ఇద్దరూ నోళ్ళు తెరిచేశారు.

"అబ్బో, ఇంత గొంతు ఎక్కడ దాచావే? ఇంకోసారి అరవవే!"

మరుసటి వారం డాక్టరమ్మ ఊపు మీదుంది. గుసగుస సీటు వదిలేసింది. ఆ సంగతి తెలియని డాక్టరమ్మ, తెరిచి ఉన్న గేటులోంచి నేరుగా వీధిలోకి వెళ్ళిపోయింది. వీధంతా పల్లం.

"బ్రేకు నొక్కండి! కాళ్ళతో కాదు, చేతులతో!" గుసగుస వెనకాలే పరుగు. "తప్పుకోండి బాబూ, తప్పుకోండి! డాక్టరమ్మ వస్తోంది!"

కూరలాయన బుట్టలు ఎత్తుకుని గోడకి అతుక్కుపోయాడు. మంగలి షాపులోంచి సగం గడ్డంతో ఒకాయన బయటికి ఉరికాడు. ఆవిడ ఆసుపత్రి మెట్ల మీద బుగ్గ వాచినాయన లేచి నిలబడి, "డాక్టరుగారూ, నా పన్ను!" అన్నాడు.

"వస్తానయ్యా, ఇది ఆగనీ!"

"ఎడమకి! పార్కు గడ్డిలోకి తిప్పండి! ఇప్పుడు బ్రేకు!"

సైకిలు ఆగింది. డాక్టరమ్మ పడలేదు. నెమ్మదిగా ఒక కాలు నేల మీద పెట్టి, వెనక్కి చూసి, "నువ్వు పట్టుకోలేదా?" అంది.

"కేంద్రం దగ్గరే వదిలేశానండీ!"

ఇద్దరూ గడ్డిలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు. బజారు నుంచి వస్తున్న పిన్ని సంచీతో సహా అక్కడే నిలబడిపోయి, "ఇందాక అరిచింది మన పిల్లేనా?" అని పక్కవాళ్ళని అడిగింది.

సైకిలు నేర్చుకోడానికి కొత్త జట్టు వచ్చినప్పుడు ఈలక్క, గుసగుసనే ముందుకి తోసింది. పెద్దవాళ్ళంతా వరసగా నిలబడి తనకేసే చూస్తున్నారు. అయినా నోరు విప్పింది. వరస చివర ఎవరో చీరకొంగు బొడ్లో దోపుకుని మనిషి చాటున దాక్కుంటున్నారు.

"పిన్నీ! నీకూ రాదా?"

"నెమ్మదిగా అనవే, పరువు తీయకు!"

"ముందుకి రా. హెల్మెట్టు పెట్టుకో. భయపడకు, పట్టుకుంటాలే" అంది పిల్ల.

"నిజంగా పట్టుకుంటావా?"

పిల్ల, పక్కనే సైకిలు మీదున్న డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ ఫక్కున నవ్వి, కేంద్రం మైదానం చుట్టూ ఇంకో చక్కరు కొట్టడానికి తుర్రున బయల్దేరింది.