శాలువాకు అడ్డమొచ్చిన కర్ర

నన్ను చూసి ముచ్చటపడి కొనుక్కున్నవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. నేను ఒక చంకకర్రను. అల్యూమినియం ఒళ్ళు, పైన ఒత్తుకోకుండా మెత్తటి దిండు, కింద జారకుండా రబ్బరు తొడుగు. విజయవాడలో ఒక చిన్న కార్ఖానాలో నేనూ నా జతా ఒకే పూట పుట్టాం. ఆ తర్వాత మందుల షాపు గోడకు ఆనుకుని చాలాకాలం ఎదురుచూశాం. మేం ఎదురుచూడటమంటే ఎవరి కాలో విరగాలని కోరుకోవడమే కదా! అందుకే ఆ కోరిక ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి తిరుపతమ్మ అనే ఆవిడ తన కూతురు నాంచారి కోసం మమ్మల్ని కొన్నది. నాంచారి అవనిగడ్డ వైపు పేరున్న కబడ్డీ ప్లేయరు. ఒక పోటీలో కూతకు వెళ్ళినప్పుడు అవతలి జట్టంతా మీద పడితే మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది. ఆమెకు బతుకంతా ఆ ఆటే. మళ్ళీ ఆడగలనా అన్న ఒక్క ప్రశ్నతోనే నిద్ర లేచేది, మా మీద బరువు మోపేది. ఆ బరువులో భయం ఎంతో మాకు తెలిసేది.

అభిమానులు వచ్చేవాళ్ళు. యాపిల్సూ హార్లిక్సూ తెచ్చేవాళ్ళు. మంచం పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. ఫోటో బాగా రావాలని మమ్మల్ని మంచం కిందకు తోసేవాళ్ళు.

కొన్నాళ్ళకు డాక్టరు కాలు వంచి చూసి నవ్వాడు. "బాగా అతుక్కుంటోందమ్మా. ఇక ఒక్క కర్ర చాలు. ఇంకో రెండు నెలలు జాగ్రత్తగా ఉంటే మళ్ళీ ఆడొచ్చు" అన్నాడు. నా జతను అటక మీద పెట్టేశారు. నేను మిగిలాను. పుట్టినప్పటి నుంచి పక్కనున్నది లేకపోయేసరికి నాకు ఏమీ తోచేది కాదు.

డాక్టరు మాట ఊరికి చేరేసరికి చివరి రెండు ముక్కలే మిగిలాయి. మళ్ళీ ఆడొచ్చు! సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో నాంచారి కంటే అభిమాన సంఘం అధ్యక్షుడు బసవ పెద్దగా ఉన్నాడు. ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు, కొబ్బరికాయలు కొట్టారు, కబడ్డీ షెడ్డు ముందు వేదిక కట్టి సన్మానం పెట్టారు. పిచ్చి ప్రేమే గానీ దొంగ ప్రేమ కాదు. వాళ్ళలో కొందరి కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

వేదిక మీద శాలువా కప్పబోతే నేను అడ్డమొచ్చాను. శాలువా రెండు భుజాల మీదా నిండుగా పడితేనే వాళ్ళకు సన్మానం చేసినట్టు. బసవ నన్ను ఆమె చంకలోంచి లాగి, "ఇక దీంతో పనేంటి!" అంటూ పైకెత్తాడు. ఒకటే ఈలలు, డప్పులు. చేతులు మారుతూ జనం తలల మీదుగా వెళ్ళిపోతున్నాను.

"ఒరే, కర్ర ఇవ్వండ్రా! పిల్ల నిలబళ్ళేదు!" అని తిరుపతమ్మ అరుస్తోంది.

"ఇంకా కర్రేంటి పిన్నీ! నాంచారక్కా, నాలుగడుగులు వెయ్యి, జనం చూడాలి!" అన్నాడు బసవ.

అందరూ చప్పట్లు కొడుతుంటే కాదనలేక నాంచారి అడుగు వేసింది. రెండో అడుగుకే మోకాలు మడతపడింది. తల్లి పట్టుకుంది. నేను చూసింది అంతవరకే.

నన్ను షెడ్డులో గెలిచిన కప్పుల పక్కన మేకుకు తగిలించి, బొట్టు పెట్టి దండ వేశారు. వచ్చినవాళ్ళు దండం పెట్టుకునేవాళ్ళు. నాకెందుకీ మర్యాదలు? ఆమె ఎలా ఉందో ఒక్కరైనా చెప్పుకుంటారేమోనని కాచుకుని ఉండేదాన్ని. "మళ్ళీ వాచిందంటరా. ఇంకేం ఆడుద్ది" అన్నాడు బసవ ఒకరోజు, తల దించుకుని. ఆ తర్వాత అతను రావడం మానేశాడు. మిగతావాళ్ళూ అంతే. సెంటర్లో ఆమె ఫ్లెక్సీ మీద ఇంకెవరిదో ఫ్లెక్సీ కట్టారట. నా దండ ఎండి రాలిపోయింది. ఇంత ఒంటరితనం నేను ఏనాడూ ఎరగను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డు తలుపు తెరుచుకుంది. నాంచారి! ఒక్కతే వచ్చింది. ఆమె చంకలో నా జత ఉంది. నా వైపు చూసి, "నిన్ను ఇక్కడ తగిలించారా!" అంది. జతను నా కింద గోడకు ఆనించింది. చెప్పులు విడిచి, మధ్య గీతను ముట్టుకుని కళ్ళకద్దుకుంది. లోగొంతుతో కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి సగంలోకి మెల్లగా నడిచింది. చివరి గీత దగ్గర కాలు వణికింది. ఆగింది. కూత మాత్రం ఆపలేదు. వెనక్కి తిరిగి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, మధ్య గీత దాటి అక్కడే కూలబడి ఏడ్చింది.

షెడ్డులో ఇంకెవరూ లేరు. చప్పట్లు కొట్టడానికి మాకు చేతులు లేవు.