ఇద్దరికీ గారు

"రోడ్లూడ్చే మనిషికి గారేంటండీ?"

హెడ్మాస్టరు ఆ మాట ఎనిమిదో తరగతి పిల్లలందరి ముందే అన్నాడు. సోషల్ టీచరు వెనక బోర్డు మీద ఎన్నికల పాఠం ఉంది. వార్డుకు నిలబడ్డ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాసింది. ఒకరు కాంట్రాక్టరు, ఇంకొకరు రోడ్లూడ్చే కార్మికురాలు. ఇద్దరి పేర్ల చివరా గారు ఉంది. కింద వాళ్ళిచ్చిన హామీలు, వాటి మీద పిల్లల ప్రశ్నలు.

"ఆయనకు రాశాను కదండీ, ఆవిడకూ రాశాను."

"ఆయన మన ప్రహరీ కట్టాడమ్మా! ఆయన మనుషులొచ్చి నానా రభసా చేసి వెళ్ళారు. ఆ ఒక్క గారు తుడిచెయ్యండి, పీడా వదులుతుంది."

ప్రహరీ కట్టింది తాపీమేస్త్రీలు. ఆయన చేసిందల్లా శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టడమే. ఆ మాట టీచరు నోటిదాకా వచ్చింది, మింగేసింది. పిల్లల ముందు ఏ పక్షమూ మాట్లాడకూడదని ఆమె పట్టుదల.

"తుడిస్తే రెండూ తుడుస్తాను" అంది.

ఆ రోజు నుంచి స్టాఫ్‌రూములో ఆమె అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. రోజూ ఆమెతో కలిసి తినే లెక్కల మాస్టారు డబ్బా పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆమె ఒక్కతే తినేది.

ఒక సాయంత్రం ఊడ్చే ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగారు, వార్డుకు నిలబడ్డావిడ కూడా వాళ్ళలో ఉంది. టీచరుకు ప్రాణం లేచొచ్చింది.

"మా తరఫున నిలబడ్డారంటగా?"

"మీ తరఫు కాదమ్మా. జీతాలు పెంచడానికి డబ్బెక్కడిదో మీరు చెప్పలేదని కూడా పిల్లలు రాశారు."

"మీరూ ఆ తానులో ముక్కేనన్నమాట!" అనేసి అభ్యర్థే చీపురు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరికీ కాని మనిషినైపోయాననుకుంటూ టీచరు ఇంటిదాకా ఏడుస్తూనే నడిచింది.

టీచరుకు సస్పెన్షన్ కాగితం వచ్చిన రోజే కాంట్రాక్టరు బడికి వచ్చాడు. హెడ్మాస్టరు బోర్డు మీద ఇంకా అలాగే ఉన్న కార్మికురాలి గారు తన చేత్తోనే తుడిచి, ఒక అమ్మాయిని చదవమన్నాడు. సంచీ సర్దుకుని వరండాలోకి వచ్చిన టీచరు ఆగిపోయింది.

ఆ పిల్ల కాంట్రాక్టరు పేరు చదివి గారు అంది. కార్మికురాలి పేరు చదివి, కాస్త ఆగి, గారు అంది.

"లేనిది చదువుతావేంటే?"

"మరిచిపోయి తుడిచేసినట్టున్నారు సార్."

పక్కపిల్లను లేపాడు. గారు. వెనక బెంచీ వాణ్ణి లేపాడు. గారు. చివరికి తరగతి తరగతంతా లేచి గారు అంది.

"ఎవరు నేర్పార్రా ఈ పొగరు?" కాంట్రాక్టరు అరిచాడు.

"మీకూ అన్నాం కదండీ!"

టీచరు బయటికి వచ్చి గేటు ముందు నేల మీద కూర్చుంది. ఒక్కతే. కాసేపటికి చీపుళ్ళ చప్పుడు వినిపించింది. దగ్గరకొచ్చి ఆగింది.

"మీరడిగిందానికి మా దగ్గర జవాబు లేదు. వెతుకుతున్నాం" అంది అభ్యర్థి. "అడిగే మనిషిని వెళ్ళగొడితే ఎవరికి చెప్పమంటారు? కాస్త జరగండి టీచరుగారూ."

ఒక్కొక్కరే చీపుళ్ళు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఆ వీధి ఎవరూ ఊడవలేదు.