కాలరులో సూది

నెవెనా మెడ వెనక కాలరు సర్దబోయిన నర్సు గెర్గానా కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి కొసన రక్తపు బొట్టు, స్వెటర్ మడతలోంచి తొంగిచూస్తూ కుట్టు సూది.

"ఇదేంటమ్మా?"

రోజూ నెవెనాని ఆసుపత్రి కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటికి ఎడమవైపున అయస్కాంతపు తీగచుట్ట ఆనించి మిషను నడిపేది గెర్గానాయే. "మీ వడ్రంగిపిట్టని పిలవనా?" అని నవ్విస్తూ, టకటకమనే ఆ మిషను మీట నొక్కే మనిషి. ఇప్పుడు నవ్వలేదు. మిషను కట్టేసింది.

"నాకు తెలీదు" అంది నెవెనా.

"గొలుసు, పోగులు, పిన్నులు అన్నీ తీసేశానన్నారుగా గుమ్మంలో."

"తీశాను. ఇది నాది కాదు."

గెర్గానా కత్తెర తెచ్చి కుట్టు విప్పింది. సూది పొరపాటున గుచ్చుకుని ఉండిపోయింది కాదు. లోపలి వైపున, దారంతో కట్టి మరీ కుట్టారు. డాక్టర్ మిలెవా వచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.

"యంత్రం దగ్గర ఇనుము ఉండకూడదని మొదటిరోజే చెప్పాను. వేడెక్కుతుంది, కదులుతుంది, గుచ్చుకుంటుంది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అడగక తప్పదు నెవెనా గారూ. మీకు మీరే పెట్టుకున్నారా?"

"లేదు."

"మరి ఎవరు?"

నెవెనా కుట్టు విప్పిన కాలరుని తడిమి చూసుకుంది.

"అది తేలేదాకా మిమ్మల్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టలేను. తేలకపోతే వార్డులో పెట్టుకుని కనిపెట్టి చూడాలి. చికిత్స మధ్యలో ఆగితే ఇన్నాళ్ల మేలూ జారిపోవచ్చు. ఇంటికెళ్లి ఆలోచించుకుని నాకు ఫోన్ చెయ్యండి. ఎప్పుడైనా సరే."

సూదిని దారంతో సహా రుమాల్లో చుట్టి ఇచ్చింది.

నెవెనా బస్సెక్కలేదు. డాన్యూబ్ గట్టు వెంట నడిచింది. నాకు నేనే పెట్టుకున్నానేమో అని ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. కుంగుబాటు జబ్బు అంత పని చేస్తుంది. మనకి మనమే సాక్ష్యం చెప్పుకోలేకుండా చేస్తుంది. ఏళ్ల తరబడి మాత్రలు మార్చి మార్చి మింగింది. ఒకటి మగతగా పడుకోబెట్టింది, ఒకటి ఒళ్లు పెంచింది, ఒకటి రాత్రంతా కాళ్లు తిమ్మిరెక్కించింది. ఏదీ గుండెల మీది ఆ బండరాయిని అంగుళం కదపలేదు. దుఃఖమని అందరూ అనుకున్నారు గాని అది దుఃఖం కాదు. దుఃఖమైతే ఏదో పోయిందన్న బాధ ఉంటుంది. ఆమెకి ఏదీ అక్కర్లేకుండా పోయింది. తిండి, నిద్ర, మనుషులు, రేవులో ఉద్యోగం, ఏదీ. ఏదైనా కావాలని అనిపిస్తే బావుండునని, కోరిక కోసమే కోరుకుంటూ గోడవైపు తిరిగి పడుకునేది. మిలెవా మొదటిరోజు చుట్టని తల మీద అటూ ఇటూ జరిపి చూస్తున్నప్పుడు, ఒకచోట టక్కుమనగానే నెవెనా బొటనవేలు తనంతట తానే ఎగిరింది. "చూశారా, పలుకుతోంది" అంది డాక్టరు. ఎవరో లోపల ఉన్నారన్నమాట అనుకుంది నెవెనా. వారాలు గడిచాక ఒక పొద్దున వంటింట్లో నిలబడి ఉండగా నది మీద కూత వినబడింది. అది ఏ పడవో తెలుసుకోవాలనిపించింది. అంతే. కిటికీ తీసి, మెడ చాచి చూసింది. రొమేనియా వైపు నుంచి వస్తున్న ఇసుక పడవ. నిలబడి ఏడ్చింది. ఎన్నాళ్లకి ఒకటి కావాలనిపించిందో!

ఒకప్పుడు పడవలన్నీ ఆమె మాట మీదే నడిచేవి. రేవు మేడ మీద రేడియో గదిలో కూర్చుని ఎవరు ఆగాలో ఎవరు కదలాలో చెప్పేది. చేరిన కొత్తలో పై అధికారి, "ఆడగొంతు వింటే కెప్టెన్లు పడవల్ని గట్టుకి కొట్టేస్తారమ్మాయ్" అని పదిమందిలో నవ్వాడు. ఆ గొంతునే తర్వాత మంచు పడిన తెల్లవారుజాముల్లో కెప్టెన్లు పేరుపెట్టి పిలిచి వెతుక్కునేవాళ్లు. ఇంటికొస్తే మొగుడు ఒగ్న్యాన్, "చారులో ఉప్పు గుర్తుండదు గాని, పడవల పేర్లు మాత్రం పొల్లుపోవు నీకు" అనేవాడు. ఉద్యోగం నుంచి వచ్చి వండి, తోమి, ఉతికి, అత్తగారికి మందు పూసి, మళ్లీ ఉద్యోగానికి. వీధిలో ఎవరూ ఆ సంగతి చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకుంటారు? ఎండ కాస్తోందని ఎవరైనా చెప్పుకుంటారా?

నీళ్ల మీద ఎండ మెరుస్తోంది. ఆ రేడియో గది కిటికీ దూరంగా కనిపించింది. ఎవరో కొత్తపిల్ల అందులో కూర్చుని ఉంటుంది. నెవెనాకి ఆ గదిలో తనే ఉండాలనిపించింది. ఇది నొప్పే. కానీ బండరాయి నొప్పి కాదు, ఆకలి లాంటి నొప్పి. దీన్ని పోనివ్వకూడదు అనుకుని అడుగు వేగం పెంచింది.

ఎవరు పెట్టారన్నది ఆలోచించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. అత్తగారే. స్టాంకాకి మొదటినుంచీ ఈ వైద్యం పడలేదు. "తలకి కరెంటు పెట్టించుకుంటోంది నా కోడలు" అని ఊరంతా చాటింది. "భయం పట్టిందే నీకు. మంత్రాల ముసలమ్మ దగ్గర సీసం కరిగించి నీళ్లలో పోయిస్తే దిగిపోయే దానికి అయస్కాంతాలెందుకు?" అని సతాయించింది. బట్టల్లో సూది గుచ్చడమంటే ఆ దేశంలో చేతబడి. ముసలివాళ్లకి తెలిసిన విద్య.

పెరట్లో మిరపకాయల పొగ. వాటాల వాళ్లందరూ కలిసి చలికాలానికి పచ్చడి పెడుతున్నారు. పెద్ద కాగు ముందు స్టాంకా తెడ్డు పట్టుకుని తిప్పుతోంది. కింది వాటా లిల్యానా మోచేతుల దాకా ఎర్రగా, కాల్చిన మిరపకాయల తొక్క ఒలుస్తోంది.

"వచ్చావా తల్లీ! మొహం తేటగా ఉందే! అవునులే, అంతా నీ మొగుడి పుణ్యం. పొద్దున్నే బట్టలారేశాడు, ఇప్పుడు చిక్కుళ్ల చారు పెడుతున్నాడు. దేవుడమ్మా ఆయన! మా ఆయనకి గుడ్డు ఉడకబెట్టమంటే నీళ్లెక్కడుంటాయని అడుగుతాడు."

"నీళ్లు చూపించావా మరి?" అంది నెవెనా.

లిల్యానా పకపకా నవ్వింది. నెవెనా జోకేసి ఎన్నాళ్లయిందో.

నెవెనా అత్తగారిని పంపు దగ్గరికి తీసుకెళ్లి రుమాలు విప్పింది. "ఇది నా స్వెటర్ కాలర్లో దొరికింది. మిషను పక్కన. ఎందుకు చేశావత్తా?"

స్టాంకా మొహం పాలిపోయింది. కీడు తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది.

"సూదా! నా నోరు చెడ్డదే గాని చెయ్యి చెడ్డది కాదే పిల్లా. సీసం పోయించమన్నాను గాని, నువ్వు పోవాలన్నానా? నువ్వు లేచి తిరగాలని కాదూ నేను..."

మాట సగంలో ఆగిపోయింది. ముసలావిడ సూదిని చూడటం లేదు, దారాన్ని చూస్తోంది. నెవెనా కూడా అప్పుడే సరిగ్గా చూసింది. నూలు కాదు. పారదర్శకంగా, గట్టిగా ఉంది. చేపల గాలానికి కట్టే దారం. ముడి కూడా గాలపు ముడే, చుట్టి చుట్టి లోపలినుంచి లాగి బిగించినది. ఆ ముడి వేసేవాడు ఆ ఇంట్లో ఒక్కడే.

స్టాంకా గబగబా రుమాలు మడిచేసింది. "సరే. నేనే పెట్టాననుకో. ముసలిదానికి మతి పోయిందని చెప్పు మీ డాక్టరుతో. నన్నేం చేస్తారు?"

"అత్తా, నీకు దారం ఎక్కించి పెట్టేది నేను. సూది బెజ్జం కనబడక ఎన్నేళ్లయింది నీకు?"

ముసలావిడ తెడ్డు దగ్గరికి వెళ్లిపోయింది. పొగకేమో, తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది. "పచ్చడి అడుగంటుతోంది" అంది, ఎవరితోనో.

ఒగ్న్యాన్ వంటింట్లో ఏప్రను కట్టుకుని చారులో పుదీనా చిదుముతున్నాడు. బడిలో భౌతికశాస్త్రం చెప్తాడు. ఇంట్లోనూ పాఠం చెప్తున్నట్టే మాట్లాడతాడు.

"ఇవాళ తొందరగా వచ్చేశావే. కూర్చో, వేడిగా ఉంది."

నెవెనా సూదిని బల్ల మీద పెట్టింది. అతను చూశాడు. గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ సైజు సూదికి ప్రమాదమేం ఉండదు. చుట్టకి అంత దూరంలో..." అన్నాడు.

"ఎంత దూరంలో దొరికిందో నేను చెప్పలేదు."

చారు పొంగి పొయ్యి మీద పడింది. అతను మంట తగ్గించాడు. "నెవెనా, అలసిపోయావు. ఇవాళ పడుకో. ఈ వారం మానేద్దాం. డాక్టరుకి నేను ఏదో ఒకటి సర్దిచెప్తాను, ఎప్పుడూ చెప్పేది నేనేగా."

నిజమే. ఆమె బదులు ఇన్నాళ్లూ అతనే మాట్లాడాడు. "తను సరిగా తినట్లేదు డాక్టర్", "తనకి జనం పడరు", "తను ఇంకా దేనికీ సిద్ధంగా లేదు." పక్కనే కూర్చుని తల వంచుకుని వినేది. మంచి మాటలే, మెత్తని మాటలే. దుప్పటి లాంటి మాటలు, ఒకదాని మీద ఒకటి కప్పుతూ పోయాడు. అతన్ని ప్రేమించిన రోజులు ఆమెకి గుర్తున్నాయి. ఇప్పుడు అతని భుజం మీద తల పెట్టి, "ఏమీ జరగలేదులే" అనాలని కూడా ఉంది. కోరికలు తిరిగొచ్చేటప్పుడు మంచివీ చెడ్డవీ ఏరుకుని రావు. ఆ కోరికని వచ్చినట్టే చూసింది. పక్కన పెట్టింది. రేడియో ముందు కూర్చున్నప్పటిలాగా వెన్ను నిటారు చేసుకుని ఫోన్ తీసింది.

"డాక్టరు గారూ, నెవెనాని. సూది పెట్టిన మనిషి దొరికాడు. మీతో మాట్లాడతాడు."

ఫోన్ గొంతు పైకి వినబడేలా చేసి సూది పక్కనే పెట్టింది. "వింటున్నాను" అంది మిలెవా. గుమ్మంలో స్టాంకా వచ్చి నిలబడింది. కొడుకు తల్లి వంక చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది.

"చెప్పు" అంది నెవెనా. "రేపు నేను ఆ కుర్చీలో కూర్చోవాలి."

ఒగ్న్యాన్ ఏప్రనుకి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"డాక్టరు గారూ, నేను ఒగ్న్యాన్‌ని. ఆవిడ పెట్టుకోలేదు. మా అమ్మా పెట్టలేదు. నేనే కుట్టాను, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు. చిన్న సూది, దెబ్బ తగలదు, దొరికితే ఇంటికి పంపేస్తారు, అంతే అనుకున్నాను. ఆవిడనే అనుమానిస్తారని తోచలేదు... కాదు, అబద్ధం. తోచింది. అయినా కుట్టాను. శనివారం ఆవిడ రేవుకి ఫోన్ చేసి, మళ్లీ పనిలోకి రావచ్చా అని అడిగింది. ఆ గొంతు నేను విని ఎన్నేళ్లయిందో. నాకు సంతోషం వెయ్యలేదండీ, భయం వేసింది. ఆవిడ ఇరవయ్యేళ్లు ఈ గిన్నెలు తోమితే ఎవరూ ఏమీ అనలేదు, నేను కూడా అనలేదు. ఆవిడ మంచం పట్టాక నేను తోమితే వీధి వీధంతా నన్ను దేవుడంది. నేను జీవితంలో ఇంకెక్కడా ఏమీ కాలేదు డాక్టర్. ఆవిడ లేచి ఆ కిటికీ దగ్గరికి వెళ్లిపోతే నేను మళ్లీ భోజనం కోసం ఎదురుచూసే మామూలు మొగుణ్ణి. చర్చిలో ఆవిడ పేరు మీద కొవ్వొత్తి వెలిగించాను, అదీ నిజమే. ప్రతి ఆదివారం వెలిగించాను. నా భార్య బాగుపడాలని మొక్కుకున్నాను... కాకపోతే, కొంచెమే బాగుపడాలని మొక్కుకున్నాను."