కొట్టివేసిన రెండు వరసలు

పాస్టరు గారికి ఆదివారం కూడిక సంగతి మళ్లీ గుర్తుచేయాలి. చర్చి బల్లలు పందిట్లో వేయించాలి. అంబాజీపేట వంటవాళ్లకి కబురంపాలి. అక్క బీరువా సర్ది, లెక్కల పుస్తకాలు రాజోలు బళ్లో అప్పగించాలి. జ్ఞాపకార్థపు కార్డు ప్రూఫు దిద్ది, శుక్రవారంలోగా అమలాపురం ప్రెస్సులో ఇవ్వాలి.

మొదటి మూడింటికీ టిక్కులు పెట్టి, ప్రొఫెసర్ ఏలీయా బీరువా ముందు చతికిలబడ్డాడు. అక్క దీనమ్మ పోయి నెల కావస్తోంది. ఆ ఇంట్లో మొదట బడి గడప తొక్కింది ఆవిడ. ఆవిడ వేలు పట్టుకుని ఆ వెనకే తను.

అడుగు అరలో పొడుగాటి నోటుపుస్తకం దొరికింది. అట్ట మీద 1974 అని ఉంది.

అప్పట్లో అతను ఒక గెలాక్సీ నడిబొడ్డున ఎంత బరువుందో తేల్చే పనిలో ఉన్నాడు. అక్కడి నక్షత్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో తెలిస్తే, వాటిని పట్టి తిప్పే బరువెంతో లెక్క కట్టవచ్చు. యూనివర్సిటీలో కంప్యూటరు వంతు ఎన్నాళ్లకో గాని రాదు. అందుకని అంకెలన్నీ వేసవి సెలవులకి ఇంటికి మోసుకొచ్చాడు. లెక్కల టీచరు దీనమ్మ లాగరిథమ్ టేబుల్స్ ముందేసుకుని నెలరోజులు కూర్చుంది.

"ఏరా, నడిమికి వెళ్లేకొద్దీ బరువు తగ్గిపోవాలన్నావు గదా. ఈ చివరి రెండు వరసల్లో తగ్గట్లేదేంటి?"

"అంత చిన్న చోట పది కోట్ల సూర్యుళ్ల బరువెలా పడుతుందక్కా? ఎక్కడో తప్పు కూడేవు."

"మూడుసార్లు చేసేను. కింద నుంచి పైకి కూడా చేసేను."

"అయితే నక్షత్రాల వెలుగు పట్టిన ఫొటో పలక మసకేసి ఉంటది. కొట్టెయ్."

"నీ పలక మసకేస్తే నా కూడిక మీద పెడతావేంట్రా?" అని నవ్వింది. "సరే, ప్రొఫెసరు గారి ఉత్తరువు. ఆయ్!"

నిజానికి అప్పటికింకా అతను ప్రొఫెసరు కాడు. ఆ రెండు వరసలూ లేకుండా అచ్చయిన వ్యాసంతోనే అయ్యాడు. అందులో దీనమ్మ పేరు లేదు.

పదేళ్ల తర్వాత ఒక విదేశీ పత్రికలో వేరెవరో అదే గెలాక్సీని మంచి పరికరాలతో కొలిచి రాశారు. నడిమధ్యన కంటికి కనబడని పెద్ద కృష్ణబిలం ఉండి తీరాలి, బరువు దాదాపు పది కోట్ల సూర్యులంత. ఆ పత్రిక సంచిలో పెట్టుకునే ఆ వేసవిలో ఇంటికొచ్చాడు. అక్కే అడిగింది.

"ఆ నడిమి రెండు వరసలూ చివరికి ఏమయ్యేయిరా?"

"అవి పనికిరాలేదక్కా."

సంచిలోంచి పత్రిక బయటికి తియ్యలేదు. వచ్చే ఏడు చెబుదామనుకున్నాడు. అలా మూడేళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు పుస్తకం తెరిచాడు. దీనమ్మ ముప్ఫై ఏళ్లు చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు రాసింది. ఆ రిజిస్టరులో చెరపకూడదు, సిరా పులమకూడదు. కింది అక్షరం కనబడేలా ఒక్క గీత గీసి, కారణం రాసి, పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. ఇక్కడా అలాగే చేసింది. రెండు వరసల మీదా సన్నటి గీత. పక్కన: "లెక్క సరి. తమ్ముడు చెప్పగా కొట్టివేయడమైనది. దీ."

పదమూడేళ్లుగా అది ఆ బీరువాలోనే ఉంది. అప్పట్లో అక్క శుభ్రంగా ఎత్తి రాసిచ్చిన ప్రతి పట్టుకుపోయాడే గాని, అతను ఈ పుస్తకం ఏనాడూ తెరవలేదు.

మధ్యాహ్నం బస్సుకే అమలాపురం వెళ్లాడు. ప్రూఫులో మొదటి వాక్యం "ప్రఖ్యాత శాస్త్రవేత్త ఏలీయా గారి సోదరి" అని ఉంది. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, కింద కొత్త మాటలు రాసిచ్చాడు.

ప్రెస్సు వీరబాబు కళ్లజోడు పైకెత్తి చదివాడు. "ఇదేంటండీ, కార్డు కాస్తా కరపత్రం అయిపోయింది! తమరి పేరు పక్కన తప్పు అని వెయ్యమంటారాండీ?"

"ఆయ్. వేసెయ్యండి."

ఆదివారం పంచిన కార్డు మీద ఇలా ఉంది:

"రాజోలు బడి లెక్కల టీచరు దీనమ్మ గారు 1974లో కనబడనిదాని బరువు సరిగ్గా తేల్చారు. ఆవిడ చేత దాన్ని కొట్టివేయించిన తప్పు తమ్ముడు ఏలీయాది. ఇది చదివినవారు ఆవిడను గుర్తుంచుకోవలసిందిగా మనవి."