మైనా కాళ్లకు నీళ్లు

ఐలన్న అబద్ధం ఆడి ఎరగనివాడేమీ కాదు. గుర్రాలు కిరాయికి ఇచ్చేవాడు అబద్ధం ఆడకుండా ఎన్నాళ్లు బతుకుతాడు? భానూర్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని "ముత్తంగి దాటినం సార్, వస్తనే ఉన్నం" అని ఫోన్లో చెప్పిన రోజులకు లెక్కే లేదు. కానీ సోమవారం నాడు నిషితమ్మతో ఆడిన అబద్ధం మాత్రం గొంతులో ముల్లులా దిగబడింది. గురువారం వచ్చినా ఊడిరాలేదు.

నిషిత ఒక టీవీ సీరియల్ కోసం గుర్రాలను ఎంపిక చేసే పిల్ల. కాకతీయుల కాలం నాటి కథ. ఐలన్న దగ్గర ఉన్నవి రెండే గుర్రాలు. ఒకటి బాద్‌షా, రేసుల్లో పరుగెత్తి పరుగెత్తి ఇక చాలనిపించుకున్న ఎత్తైన గుర్రం. రెండోది మైనా, మార్వాడీ జాతి ఆడగుర్రం. అది చెవులు నిక్కించిందంటే రెండు కొనలూ లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. ఐలన్న మీసం సవరించుకుని బాద్‌షాను ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఆ పిల్ల దానివైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ రేసుగుర్రాల జాతి పుట్టిందే కాకతీయులు పోయిన మూడు నాలుగు వందల ఏళ్లకు. దీని మీద మన రాజును ఎక్కిస్తే ఆయన చేతికి వాచీ కట్టినట్టే. నాకు ఇది కావాలి, దేశవాళీది," అంటూ మైనా దగ్గరకు పోయి దాని చెవులు నిమిరింది. అంతలో ఏదో గుర్తుకొచ్చి వెనక్కి తిరిగింది. "పెళ్లిళ్లకు తిప్పిన గుర్రం కాదు కదా? డైరెక్టర్ గారు అవి వద్దన్నారు. డప్పు వినిపిస్తే ఆడతాయట."

"అయ్యో, గదేం లేదమ్మా. ఇంట్ల సాదుకుంటున్న," అన్నాడు ఐలన్న. కళ్లార్పకుండా అన్నాడు మహానుభావుడు.

పదకొండేళ్లుగా మైనా పెళ్లిళ్లు తప్ప ఇంకో పని చేసి ఎరగదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా అది తొక్కని ఫంక్షన్ హాల్ గుమ్మం లేదు. బరాత్ ఊరేగింపులో డప్పు ఊపందుకుంటే వెనక కాళ్ల మీద లేచి నిలబడడం దానికి నేర్పింది ఐలన్నే. ఆగడమూ అతనే నేర్పాడు. హాలు గుమ్మంలో ఆడవాళ్లు చెంబుతో దాని ముందు కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఐలన్న పెళ్లికొడుకుతో "దిగు బిడ్డా, ఇల్లచ్చింది" అంటాడు. జేబులోంచి బెల్లంముక్క తీసి దాని నోటికి అందిస్తాడు. నీళ్లు పడ్డాయంటే దాని లెక్కలో పెళ్లి అయిపోయినట్టే. ఆ తర్వాత చెవి పక్కన డప్పులు పగిలిపోతున్నా తల వంచుకుని నిలబడుతుంది.

మరి అంత తెలిసినవాడు అబద్ధం ఎందుకు ఆడాడంటే, కొడుకు కోసం. కుమార్ మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేసి చేసి విసిగిపోయాడు. గుర్రం మీద వాడికున్న పట్టు చూసి సీరియల్ వాళ్లు రాజు శవం వేషం ఇచ్చారు. బాగా చేస్తే సీరియల్ ఉన్నన్నాళ్లూ గుర్రపు స్వారీ పనులన్నీ వాడికేనన్నారు.

"షూటింగ్ల డప్పులు ఉత్తగ పట్టుకుంటరంట నాయినా, కొట్టరంట. చప్పుడు తర్వాత కలుపుతరు. నువ్వు ఊకె పరేషాన్ కాకు," అన్నాడు కుమార్.

ఆ మాట పట్టుకునే ఐలన్న ధైర్యం తెచ్చుకున్నాడు. భార్య మల్లవ్వ నిమ్మచెక్కలు పెట్టి మైనా జూలుకున్న మెహందీ రంగు పోయేదాకా రుద్దింది. తళుకుల జీను పెట్టెలోకి పోయింది. జేబులో బెల్లం వాసన కూడా రాకూడదని ఐలన్న చొక్కా మార్చుకున్నాడు. ఎంత ముందుచూపు!

గురువారం పొద్దున మూతపడిన ఒక కంపెనీ మైదానంలో షూటింగ్ మొదలైంది. ప్లైవుడ్ కోట లేచింది. గాలిలో మాత్రం ఎప్పటి రసాయనాల వాసనే. కథలో రాజు యుద్ధంలో చనిపోతాడు. గుర్రమే శవాన్ని మోసుకుని కోట గుమ్మానికి వస్తుంది. కుమార్‌ను మైనా మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు దాని మెడ కింద, కాళ్లు పొట్ట కింద తాళ్లతో బిగించి కట్టారు. రెండు వైపులా నలభై మంది డప్పులు పట్టుకుని నిలబడ్డారు. అందులో ముందున్నవాడు పోతిరెడ్డిపల్లి పెళ్లి బ్యాండు చిన్నరాములు. మైనాను చూడగానే వాడి మొహం వెలిగిపోయింది.

"అన్నా, గిది మన మైనా గాదే?"

"సప్పుడు జెయ్యకురా, నీ కాల్మొక్త," అని ఐలన్న పళ్లు బిగబట్టి గొణిగాడు. చిన్నరాములు కన్నుకొట్టి ఊరుకున్నాడు.

రిహార్సల్ అయ్యాక డైరెక్టర్ బాపిరాజు మైకు అందుకున్నాడు. "ఒక్కడి మొహంలోనూ దుఃఖం లేదేంటయ్యా? ఇలా లాభం లేదు. నిజంగానే వాయించండి. గట్టిగా! గుండెలు అదిరిపోవాలి!"

ఇప్పుడు డప్పు మోగితే మైనా వెనక కాళ్ల మీద లేస్తుంది. మామూలు పెళ్లికొడుకైతే జీను పట్టుకుంటాడు, లేదంటే దూకుతాడు. కట్టేసిన మనిషి ఏం చేస్తాడు? గుర్రం వెల్లకిలా పడితే కింద నలిగేది కుమారే.

అతను డైరెక్టర్ దగ్గరకు పరుగెత్తాడు. "సార్, గుర్రానికి జెర కడుపునొస్తున్నట్టుంది..."

"పది నిమిషాల్లో అయిపోతుంది పెద్దాయనా, పక్కకు జరుగు."

నిషిత దగ్గరకు పోయాడు. ఆమె తెర మీద మైనా చెవులు చూసి మురిసిపోతోంది. "ఎంత బాగుందో చూడండి ఐలయ్య గారూ! మీ గుర్రం వల్లే ఈ సీన్ నిజంలా ఉంది," అంది. ఐలన్న నోరు తెరిచాడు. సోమవారం అంత బాగా ఆడిన నాలుక ఇప్పుడు పిడచగట్టుకుపోయింది. చెబితే కొడుకు పని పోతుంది. చెప్పకపోతే?

అతను గుర్రం వైపు చూశాడు. చచ్చిపోయిన రాజు కళ్లు తెరిచాడు. మైకులో మాట కుమార్ కూడా విన్నాడు. కదలలేక, అరిస్తే పని పోతుందని అరవలేక, తండ్రినే చూస్తున్నాడు. చిన్నప్పుడు బావిలోకి దించి ఈత నేర్పిన నాడు చూసిన చూపది.

"సార్! అది పెళ్లి గుర్రం! నా కొడుకును ఇప్పుండ్రి!" అని ఐలన్న అరిచాడు.

సరిగ్గా అప్పుడే నలభై డప్పులు ఒక్కసారి మోగాయి. ఎవరికీ ఏమీ వినిపించలేదు. మైనా చెవులు నిక్కించింది. కొనలు కలిశాయి. ముందు కాలు ఒకటి లేచింది, నడుము ఊగింది. దానికి ఎదురుగా ఉన్నది కోట కాదు, ఏదో ఒక ఫంక్షన్ హాలు.

ఐలన్న నిషిత చేతిలోని నీళ్ల బాటిల్ లాక్కుని పరుగెత్తాడు. అప్పటికే మైనా ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి. కుమార్ తల వేలాడుతోంది. అవి ఒక్కసారి నేలకు దిగేదాకా ఐలన్న మూత తీసిన బాటిల్ పట్టుకుని కాచుకున్నాడు. దిగీ దిగగానే వాటి మధ్య మోకాళ్ల మీద కూలబడి బాటిల్ మొత్తం గిట్టల మీద కుమ్మరించాడు. పదకొండేళ్ల అలవాటు కొద్దీ నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"దిగు బిడ్డా, ఇల్లచ్చింది."

మైనా తల వంచింది. చుట్టూ డప్పులు మోగుతూనే ఉన్నాయి. అది మాత్రం రాయిలా నిలబడింది. ముందుగా చిన్నరాములుకు అర్థమైంది. పుల్లలు పైకెత్తి పట్టుకున్నాడు. ఒక్కొక్క డప్పే ఆగిపోయింది.

బాపిరాజు అరుపులు మొదలయ్యాయి. ఐలన్నకు అవేవీ పట్టలేదు. ముడులు విప్పుతున్నాడు, తాడు బిగుసుకుపోయి ముడులు రావడం లేదు. నిషిత వచ్చి పక్కన నిలబడింది.

"మిమ్మల్ని నేను అడిగాను కదా," అంది.

"అడిగినవమ్మా. అబద్ధం చెప్పిన. తప్పు నాదే."

ఆమె వంగి రెండో ముడి విప్పింది. ఆ ముడి ఊడగానే ఐలన్నకు ఏడుపు ఆగలేదు. అంతమందిలో గొల్లుమన్నాడు.

"ఏడ్వకు నాయినా," అన్నాడు కుమార్. వాడి పెదవులు తెల్లబడి ఉన్నాయి. "దిగమన్నవ్ గదా. దిగుతున్న."

దిగాడు. తండ్రి భుజం పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఇక ఆ గుర్రం అక్కర్లేదని, తీసుకుపొమ్మని ఎవరో వచ్చి చెప్పారు. ఐలన్న తలూపాడు.

మైనా అతని చొక్కా జేబులో మూతి పెట్టి వెతుకుతోంది. నీళ్లు పడ్డాక బెల్లం రావాలి. జేబు ఖాళీగా ఉంది. "ఇంటికి పోదాం పా," అన్నాడు ఐలన్న దాని చెవిలో. "ఇంట్ల పెడత."