వంద గింజల బరువు

నేను ఒక చిన్న ఇత్తడి త్రాసును. బందరులో పుట్టాను. నన్ను చేసిన కంచరి, నా ముల్లు నిటారుగా నిలిచేదాకా పళ్ళేలను ఆకురాయితో అరగదీస్తూనే ఉన్నాడు. నా తొలి యజమాని కంసాలి. నాలో బంగారం పెట్టినప్పుడు అమ్మేవారూ కొనేవారూ ఊపిరి బిగబట్టి నా ముల్లునే చూసేవారు. ఆయన కుమారుడు బట్టల కొట్టు పెట్టుకుని నన్ను వదిలించుకున్నాక, పల్నాటి నల్లరేగడిలో ఉన్న ఒక అపరాల పరిశోధన క్షేత్రంలో కుదురుకున్నాను. అక్కడ నేను తూచవలసినవి కందులు.

క్షేత్రానికి అధిపతి శేషావతారం గారు. ఊరూరా తిరిగి సేకరించిన కంది రకాలు ఆయన గదిలో గుడ్డ సంచుల నిండా ఉండేవి: ఎర్రనివి, తెల్లనివి, నల్లనివి, పిట్ట గుడ్డు మీద ఉన్నట్లు మచ్చలున్నవి. బంగారంలో నేనెన్నడూ ఇన్ని రంగులు చూడలేదు. ప్రతి రకంలోనూ వంద గింజలు ఏరి నా పళ్ళెంలో పోసేవారు. బరువు తూగినది మరుసటి ఏడు పొలానికి, తూగనిది తిరగలికి. కోతల అనంతరం సిబ్బందికి జరిగే విందులో ముద్దపప్పు ఎప్పుడూ ఓడిపోయిన రకాలదే. మనుషులు తమ తీర్పులో నెయ్యి వేసుకుని తినడం నేను అక్కడే చూశాను.

ఒక ఏడు మచ్చల కంది వంతు వచ్చింది. సన్నని గింజ. నా పళ్ళెం కదిలీ కదలనట్లు కదిలింది. దానిని ఇచ్చిన ఊరివారు అప్పటికే పత్తికి మారారు కనుక ఆ రకం మరెక్కడా లేదు. ఉన్నదంతా ఆ సంచిలోనే. శేషావతారం గారు యథాప్రకారం దానిని వంటశాలకు పంపమన్నారు. ఆయన వద్ద కొత్తగా చేరిన మృణాళిని గారు వంటశాల గుమ్మందాకా వెళ్ళి ఆ సంచిని వెనక్కి తెచ్చేశారు. ఆమె వెనుకే వంటమనిషి గురవయ్య వచ్చాడు.

“ఆ సంచి ఇటిస్తే తిరగట్లో విసిరేస్తానమ్మగారూ. రేపటికి పొట్టు చెరగొద్దూ?”

శేషావతారం గారు కళ్ళద్దాల మీదుగా చూశారు. “ఏమ్మా, పప్పు మీద అలిగావా?”

“లేదు సార్. వంద గింజలే తూచాం. చెట్టు రాబడి తూచలేదు.”

“వర్తకుడు చెట్టును కొనడమ్మా.”

“పండించేవాడు కోసేది చెట్టునే కదండీ.”

ఆమె కోతలప్పుడే రెండు రకాల చెట్లు కొన్నింటిని విడివిడిగా కోయించి, వాటి గింజలను పొట్లాలు కట్టి ఆయా సంచుల్లోనే ఉంచారు. ఒక పళ్ళెంలో ఒక మచ్చల చెట్టు రాబడి, రెండవ దానిలో శేషావతారం గారు ముచ్చటపడే లావు గింజల చెట్టు రాబడి పోశారు. మచ్చల వైపు క్రిందికి దిగింది. వేరే చెట్లవి పోసి చూశారు, మళ్ళీ అదే. గింజ సన్నమే, కాని కొమ్మలెక్కువ, కొమ్మకు కాయలెక్కువ. అంతకు ముందు నేను చెప్పినదీ నిజమే. నన్ను అడిగిన ప్రశ్నే చిన్నది.

శేషావతారం గారు పళ్ళెంలోంచి ఒక మచ్చల గింజను తీసి చూశారు. తరువాత అన్నారు: “ఇన్ని కొమ్మలు వేసేది ఆలస్యంగా కాస్తుంది. మాఘం దాటితే మన రేగడి నెర్రెలిస్తుంది. అప్పుడేం చేస్తావు?”

ఆ మాటలో తప్పు లేదు. మృణాళిని గారూ కాదనలేదు. “అందుకే ఉంచమంటున్నానండీ. దీని కొమ్మలూ మీ కంది తొందరా ఒక్క చెట్టులోకి వస్తాయేమో చూడనివ్వండి.”

“రాకపోతే?”

“నేనే కూర్చుని విసురుతాను.”

గురవయ్య ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు. శేషావతారం గారు తన లావు గింజల సంచిలోంచి విత్తనానికి కావలసినంత తీసుకుని, ఆ సంచిని ఆ చేతిలో పెట్టారు.

ఆ తరువాతి ఏళ్ళు తలచుకుంటే ఇప్పటికీ నా ముల్లు వణుకుతుంది. ఆమె విచ్చని మొగ్గలను సన్నని పట్టకారుతో విప్పి, ఒక రకం పుప్పొడిని మరొక దానికి అద్దేవారు. పుట్టిన సంతానంలో ఎక్కువ భాగం మచ్చల తల్లి ఆలస్యాన్నీ సన్నదనాన్నీ పుచ్చుకుని, కొమ్మలను మాత్రం వదిలేసేది. శేషావతారం గారు ఫలితం చూడకుండానే పదవీ విరమణ చేశారు. విద్యుత్తుతో పనిచేసే కాటా వచ్చింది. నన్ను అద్దాల బీరువాలో పెట్టారు.

కొన్నేళ్ళకు ఒక పుష్యమాసపు ఉదయం మృణాళిని గారు శేషావతారం గారిని పిలిపించారు. ఇద్దరూ పొలంలోకి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆయన పంచె అంచు నిండా కంది కాయల బంక, చేతిలో మాఘం రాకముందే ఎండిన కాయలతో గుబురు కొమ్మ. గౌరవం కోసం ఆమె బీరువా తెరిచి, నన్ను తుడిచి, ఆయన ముందు నిలబెట్టారు.

ఆయన నన్ను ఆప్యాయంగా తాకి, పక్కకు జరిపారు.

“తూచేదేముందమ్మా,” అన్నారు. “చేను చూశాగా.”