సన్నబడ్డ గుమ్మం

రోజూ పొద్దున్నే గోదాం ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి, పక్కవాటుగా గుమ్మం దాటి కొట్టుకు వెళ్లేవాడు. అతనిది పాత సామాన్ల వ్యాపారం. కష్టంలో ఉన్నవాళ్లు అమ్ముకునేవి కారుచౌకగా కొని, మంచివన్నీ ఇంట్లోనే పేర్చుకునేవాడు గనక వీధి అతనికి గోదాం అని పేరు పెట్టింది. కొత్త వస్తువు చేరినప్పుడల్లా గుమ్మం కాస్త సన్నబడేది. ఆ వీధిలో ఇళ్లన్నీ అంతే. ఎదురింటి ఇస్త్రీ పిన్నికి ఆస్తి అంటూ ఏమీ లేదు, ఆమె గుమ్మంలోంచి బండి తోలుకుపోవచ్చు. చర్చిలో పాస్టరుగారు, ధనవంతుడు పరలోకం చేరడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలికన్న మాట ఎత్తితే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది మాత్రం గోదామే.

"ఇదంతా పుట్టబోయే బిడ్డ కోసమేగా," అనేవాడు భార్యతో. ఆ బిడ్డ కడుపులో పెరిగేకొద్దీ ఆమె గడప దాటలేకపోయింది. కొన్నాళ్లుగా ఆమెకు లోకమంటే కిటికీయే.

ఆ ఆదివారం చర్చి గంట మోగుతుండగా నొప్పులు మొదలయ్యాయి. గోదాం బయటికొచ్చి కేకేస్తే బావమరిది, అత్తగారు, వీధివాళ్లంతా గుమ్మం ముందు చేరారు. నర్సమ్మ సంచి పట్టుకుని పరుగున వచ్చింది. అసలే భారీ మనిషి. భుజం పెట్టి చూసింది, వీపు పెట్టి చూసింది, దూరలేదు. కిటికీ ఊచల్లోంచి తొంగిచూసి మొహం మార్చుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నా చెయ్యి పడకపోతే ఇద్దరూ దక్కరు. గుమ్మం సంగతి చూడు."

సామాను మోసి బయట పెట్టక్కర్లేదు, ఇచ్చేశానని నోటితో అంటే చాలు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. గోదాం బావమరిది వైపు తిరిగి కన్ను గీటాడు. "అన్నీ నీకే బామ్మర్దీ."

గుమ్మం కదల్లేదు.

"గోడక్కూడా తెలిసిపోయింది నీ సంగతి," అన్నాడు బావమరిది, నవ్వకుండా.

లోపల భార్య అరిచింది. కాసేపటికి అరుపులు కూడా ఆగిపోయాయి. గోదాం గుంపు వైపు తిరిగాడు.

"బీరువా నువ్వు తీసుకెళ్లిపో," అన్నాడు, దాన్ని తనకు అమ్ముకున్న టైలరుతో. గుమ్మం కిర్రుమని జరిగింది. మంచం, నిలువుటద్దం, గడియారాలు, ఇత్తడి గిన్నెలు. ఒక్కో మాటా పన్ను పీకినట్టు బయటికొచ్చింది. నర్సమ్మ సగం దూరి తుంటి దగ్గర ఇరుక్కుంది.

"ఇంకేముంది?" అంది.

"ఏం లేదు."

"ఉంది," లోపల్నుంచి భార్య గొంతు, వినీ వినపడనట్టు. "ఉయ్యాల."

"అది బిడ్డది," అన్నాడు గోదాం.

"బిడ్డంటూ ఉంటే కదా."

గోదాంకు ఏడుపొచ్చింది. ఇస్త్రీ పిన్ని మనవడు బట్టల మూటల మధ్య పడుకుంటాడని అతనికి ఎప్పట్నుంచో తెలుసు.

"పిన్నీ, ఉయ్యాల నీ మనవడికి," అన్నాడు. ఈసారి మనసారా అన్నాడు. నర్సమ్మ సంచితో సహా లోపలికి వెళ్లి పడింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది. మధ్యాహ్నానికి సామానంతా ఎవరిది వాళ్లు మోసుకుపోయారు. పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక గోదాం ఎత్తుకునే తిరిగాడు, చివరికి అత్తగారు అందుకుంది.

అప్పుడు ఇస్త్రీ పిన్ని పిలిచింది. "ఒక కొస పట్టుకో నాయనా. ఉయ్యాల నాదే. కానీ పగలు మావాడు పడుకోడు."

గోదాం బెదురుగా గుమ్మం వైపు చూశాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, పక్కపక్కనే నడుస్తూ ఉయ్యాలను లోపలికి తెచ్చారు. గుమ్మం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.